పాత కంప్యూటర్ ఆన్ కావట్లేదా, లాగిన్ కానివ్వట్లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

వరంగల్ కాశిబుగ్గలో మా కాక వాళ్లింట్లో 2010లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఇంకా నడుస్తోంది. విండోస్ 7, రెండు జీబీ ర్యామ్, సీపీయూ మీద చిన్నమ్మ కుట్టిన గుడ్డ కవరు. మొన్న ఆదివారం పొద్దున ఆరింటికే కాక ఫోన్ చేశాడు. "బిడ్డా, ఆన్ చేస్తే నల్ల తెర మీద ఇంగ్లీషుల ఏందో రాసి ఆగిపోతుంది. ఎఫ్1 కొడితే నీలం రంగు ఒచ్చి మళ్ల మొదటికే వస్తుంది. అండ్ల తాత ఫోటోలున్నయ్" అన్నాడు. తాత ఫోటోలంటే 2012 మేడారం జాతరలో తీసినవి, తాత తక్కెడలో కూర్చుని నిలువెత్తు బంగారం, అంటే తన బరువుకు సరిపడా బెల్లం, తూగించుకుంటున్న ఫోటో కూడా అందులోనే ఉంది, తాత పోయాక ఆ ఫోటో ఇంకెవరి దగ్గరా లేదు.

నేను వెళ్లేదాకా దాన్ని ముట్టుకోవద్దని, ఎవరి దగ్గరికీ తీసుకెళ్లొద్దని కాకకు గట్టిగా చెప్పాను. ఎందుకంటే 2015లో ఇదే కంప్యూటర్ ఇలాగే మొరాయిస్తే ఒక దుకాణంలో ఇచ్చాం, వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా ఫార్మాట్ కొట్టి, కొత్తగా విండోస్ ఎక్కించి ఇచ్చారు. డి డ్రైవ్‌లో ఉన్న జాతర ఫోటోలు మిగిలాయి కానీ, అక్క కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ చదివేటప్పుడు టైప్ చేసుకున్న ప్రాజెక్టు మొత్తం పోయింది, ఎందుకంటే అది డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ మీద కనిపించేవి, మై డాక్యుమెంట్స్‌లో ఉన్నవి, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి అన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయని చాలామందికి తెలియదు. సి డ్రైవ్ ఫార్మాట్ అంటే అవన్నీ పోయినట్టే.

అందుకని నేను చెప్పే పద్ధతి ఒక్కటే: ముందు ఫోటోలు, కాగితాలు బయటికి తీయడం, ఆ తర్వాతే రిపేరు. విండోస్ పాడవడం వేరు, డిస్కు పాడవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. మొదటిది జరిగితే మూడోది జరిగినట్టు కాదు. "మొత్తం పోయిందండీ, ఫార్మాట్ చేయాలి" అని ఎవరైనా అన్నప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "డిస్కు కనిపిస్తోందా లేదా" అనేదే.

ఎక్కడ ఆగుతోందో చూడండి

బటన్ నొక్కాక ఎంతవరకు వెళ్లి ఆగుతోందో చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. అసలు లైటే వెలగకపోతే కరెంటు సంగతి. ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే ఎక్కువసార్లు ర్యామ్, లేదా మానిటర్ కేబుల్. తెల్ల అక్షరాలు వచ్చి ఆగితే బయాస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే, మదర్‌బోర్డు మీది చిన్న సాఫ్ట్‌వేర్) దగ్గరో డిస్కు దగ్గరో ఏదో ఉంది. విండోస్ బొమ్మ వచ్చి ఆగితే విండోస్ సమస్య. పేరు, పాస్‌వర్డ్ అడిగేదాకా వచ్చి ఆగితే అది అకౌంట్ సమస్య, దానికి ఫార్మాట్ అవసరమే లేదు.

తెర మీద వచ్చే మాటలను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. నీలం తెర సెకనులో మాయమవుతుంటే వీడియో పెట్టి, తర్వాత ఆపి చదవండి. కాక ఫోన్‌లో చెప్పిన దాన్నిబట్టి నాకేమీ అర్థం కాలేదు, ఫోటో పంపమన్నాక తెలిసింది, అందులో సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని ఉంది, అంటే దాచుకున్న బయాస్ సెట్టింగులు చెదిరిపోయాయని.

కరెంటు విషయం తొందరగా చెప్పేస్తాను. గోడ బోర్డులో వేరే ప్లగ్ పెట్టి చూడండి, స్పైక్ బస్టర్ తీసేసి నేరుగా గోడకు పెట్టి చూడండి, సీపీయూ వెనక ఎస్ఎంపీఎస్‌కు, అంటే లోపలికి కరెంటు అందించే డబ్బాకు, చిన్న స్విచ్ ఉంటుంది, ఇల్లు ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ అయి ఉండొచ్చు. ఇవన్నీ బాగుండి కూడా లైటు రాకపోతే ఎస్ఎంపీఎస్ అనుమానించాలి. దాన్ని మాత్రం ఇంట్లో విప్పకండి, ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దాన్ని మొత్తంగా మార్చడమే పద్ధతి.

ఇంకో మాట, మన దగ్గర ఇది అవసరం. 2023 జులైలో వానలకు వరంగల్, హనుమకొండలో చాలా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, సీపీయూలు నేల మీదే ఉంటాయి కాబట్టి తడిసిపోయాయి. అలా తడిసినదాన్ని "ఆన్ అవుతుందేమో చూద్దాం" అని బటన్ నొక్కడమే అసలు నష్టం. ప్లగ్ పీకి, డిస్కు విప్పి పక్కన పెట్టి, ఆరిన తర్వాత కూడా ఆన్ చేయకుండా తెలిసినవాళ్లకు చూపించండి. డిస్కులో ఉన్నవి కావాలంటే ఆ ఒక్క తొందరే మానుకోవాలి.

ఫ్యాన్ తిరిగి తెర రాకపోతే

ముందు మానిటర్ కేబుల్. సీపీయూలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, పైన బోర్డుకు ఉన్న సాకెట్‌కు పెడితే చాలా సిస్టమ్‌లలో బొమ్మ రాదు. అది సరిగ్గా ఉంటే ర్యామ్ చూడండి. ప్లగ్ పీకేయండి, పీకేశాక కూడా పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క డోరు తీసి, ముందుగా సీపీయూ ఇనుప బాడీని ఒకసారి చేత్తో ముట్టుకోండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోతుంది. ర్యామ్ రెండు చివర్ల ఉన్న క్లిప్పులు కిందికి నొక్కితే పట్టీ పైకి లేస్తుంది. దాని కింద బంగారు రంగులో ఉన్న గీతలను పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దండి, రబ్బరు పొట్టు ఊదేయకుండా పొడి గుడ్డతో తుడవండి, ఎందుకంటే నోటితో ఊదితే తేమ పడుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు రెండు క్లిప్పులూ టక్కుమని పడాలి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి, అందులో ఒకటి పోయి ఉంటే అక్కడే తేలిపోతుంది.

కాక సీపీయూ తెరిస్తే వేలు మందం దుమ్ము, ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కలకు గడ్డకట్టిన నూగు, మూలన రెండు బల్లి గుడ్ల పెంకులు. మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులిపాను. ఫ్యాన్‌ను వేలితో తిరక్కుండా పట్టుకుని దులపండి. మన ఎండాకాలంలో ఆ దుమ్ముతోనే ప్రాసెసర్ వేడెక్కి, ఆన్ అయిన పది నిమిషాలకు దానంతటదే ఆగిపోయే సిస్టమ్‌లు చాలా ఉంటాయి, అలా ఆగిపోవడాన్ని కూడా విండోస్ మీదికే తోస్తారు.

రూపాయి బిళ్లంత బ్యాటరీ

అసలు కాక కంప్యూటర్‌కు వచ్చిన జబ్బు ఇదే, పాత కంప్యూటర్లన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రంగా ఒక బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. వాచీలు బాగుచేసే వాళ్ల దగ్గర కూడా దొరుకుతుంది. కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు తేదీ, టైము, బయాస్ సెట్టింగులు గుర్తుంచుకునేది దాని బలంతోనే. గోడ దగ్గర స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ మీద భారం పడదు. మన ఇళ్లల్లో వాడకం అయిపోగానే బోర్డు దగ్గరే ఆఫ్ చేస్తాం, అది మంచి అలవాటే, కానీ బ్యాటరీ మాత్రం అలా తొందరగా దిగిపోతుంది.

అది దిగిపోతే ఏమవుతుంది? ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటికో వెనక్కి వెళ్తుంది, కాక దాంట్లో 2009 జనవరి 1 చూపించింది. తేదీ తప్పయితే బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా సేఫ్ కాదని ఎర్ర హెచ్చరిక వస్తుంది, ఎందుకంటే సైట్ల సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటుంది, 2009లో ఉన్న కంప్యూటర్‌కు అవన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. చాలామంది దాన్ని వైరస్ అనుకుంటారు. కుడి పక్క కింద ఉన్న తేదీ చూస్తే చాలు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బ్యాటరీ పోయినప్పుడు బయాస్ తన సెట్టింగులు మర్చిపోయి, ఫ్యాక్టరీలో పెట్టిన వాటికి వెళ్లిపోతుంది. అందులో సాటా మోడ్ అని ఒకటుంది, అంటే హార్డ్ డిస్కుతో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలి అనేది. ఐడీఈ అని, ఏహెచ్‌సీఐ అని రెండు రకాలు. విండోస్ ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐ ఉండి, ఇప్పుడు బయాస్ దానంతటదే ఐడీఈకి మారిపోతే, విండోస్ మొదలవుతూనే డిస్కు దొరక్క నీలం తెర వేసి రీస్టార్ట్ అయిపోతుంది. ఆ తెర మీద కోడ్ చివర 7బి అని ఉంటుంది. కాక పంపిన వీడియో ఆపి చూస్తే సరిగ్గా అదే. డిస్కు బాగుంది, విండోస్ బాగుంది, ఫోటోలు బాగున్నాయి, తప్పంతా ఒక్క సెట్టింగుది. దీన్ని చూసి కూడా ఫార్మాట్ కొట్టేవాళ్లుంటారు, అదే నాకు బాధ.

మార్చడం ఇలా: ప్లగ్ పీకండి, బ్యాటరీ పక్కన చిన్న ఇనుప నాలుక ఉంటుంది, దాన్ని గోటితో పక్కకు నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తది అక్షరాలున్న వైపు, అంటే ప్లస్ గుర్తున్న వైపు పైకి ఉండేలా పెట్టండి. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ వరసగా నొక్కుతుంటే బయాస్ తెరుచుకుంటుంది, ఏ కీ అనేది మొదటి తెర మీద కింద రాసి ఉంటుంది. తేదీ సరిచేయండి, సాటా మోడ్ ఎక్కడుందో వెతికి రెండోదానికి మార్చండి, ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి. విండోస్ లేస్తే అదే సరైనది. లేవకపోతే మళ్లీ మొదటిదానికి పెట్టేయండి, ఇలా మార్చి చూడటం వల్ల ఫైళ్లకు ఏమీ కాదు. అక్కడే బూట్ ఆర్డర్‌లో, అంటే కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో చెప్పే వరసలో, హార్డ్ డిస్కు మొదట ఉందో లేదో కూడా చూడండి.

బూట్‌మేనేజర్ మిస్సింగ్, డిస్క్ బూట్ ఫెయిల్యూర్, పాత విండోస్ ఎక్స్‌పీలో అయితే ఎన్‌టీఎల్‌డీఆర్ మిస్సింగ్, ఇలా వస్తే ముందు చూడాల్సింది యూఎస్‌బీకి పెన్‌డ్రైవ్ ఏమన్నా పెట్టి మర్చిపోయారా అని. పాటల పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వాలని చూసి ఆగిపోయిన కంప్యూటర్లను నేనే నాలుగైదు చూశాను. తర్వాత డిస్కుకు పెట్టిన సాటా కేబుల్ రెండు వైపులా పీకి మళ్లీ గట్టిగా పెట్టండి.

డిస్కు చప్పుడు వినండి

బయాస్‌లో డిస్కు పేరు కనిపించకపోయినా, ఆన్ చేయగానే డిస్కులోంచి టక్... టక్... టక్ అని ఒకే లయలో చప్పుడు వస్తున్నా, అక్కడితో ఆపేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేయడం, డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ నడపడం, ఫార్మాట్ చేస్తే బాగవుతుందేమో అనుకోవడం, ఇవేవీ వద్దు. లోపల చదివే సూది లాంటి భాగం దెబ్బతిన్నప్పుడు వచ్చే చప్పుడు అది, తిప్పేకొద్దీ పళ్లెం మీద గీతలు పెరుగుతాయి. అందులో ఉన్నవి నిజంగా కావాలంటే డేటా రికవరీ చేసే వాళ్లకే ఇవ్వాలి, ఖర్చవుతుంది, ఎంతవుతుందో ముందే అడగండి.

డిస్కు బాగున్నా విండోస్ లేవకపోతే ఫోటోలు తీయడానికి రెండు దారులు. ఒకటి, డిస్కు విప్పి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు పెట్టడం. లాప్‌టాప్ డిస్కు అయితే యూఎస్‌బీ కరెంటు సరిపోతుంది, డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద డిస్కుకు 12 వోల్టుల అడాప్టర్ కూడా కావాలి, అది లేకుండా పెట్టి "డిస్కు పోయింది" అనుకోకండి. రెండోది లైవ్ పెన్‌డ్రైవ్. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని, అందులో ఏమైనా ఉంటే వేరేచోట దాచుకుని, బాగున్న కంప్యూటర్‌లో లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) డౌన్‌లోడ్ చేసి, రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి. దాన్ని పాత కంప్యూటర్‌కు పెట్టి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ, చాలా వాటిలో ఎఫ్12, కొన్నిటిలో ఎఫ్11 లేదా ఎస్కేప్, నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే, హార్డ్ డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఒక పూర్తి డెస్క్‌టాప్ వస్తుంది. 2 జీబీ ర్యామ్ మీద మెల్లగా నడుస్తుంది, ఓపిక పట్టండి. అందులో కంప్యూటర్ ఐకాన్ తెరిస్తే మీ డ్రైవ్‌లు కనిపిస్తాయి, యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉన్న ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ తెర మీద ఇన్‌స్టాల్ అనే ఐకాన్ కూడా ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అది డిస్కును తుడిచేసే దారి.

లగ్గం వీడియోల్లాంటి పెద్ద ఫైళ్లు కాపీ కాకుండా మొండికేస్తే, మీ పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉందేమో చూడండి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎన్‌టీఎఫ్ఎస్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కులోకి వేసుకోండి.

విండోస్ బొమ్మ దగ్గర ఆగితే

ఫోటోలు చేతిలోకి వచ్చాక ఇక ధైర్యంగా రిపేరు చేయొచ్చు. విండోస్ 7లో ఆన్ చేయగానే ఎఫ్8 టకటకా నొక్కుతుంటే నల్ల తెర మీద ఒక జాబితా వస్తుంది. అందులో రిపేర్ యువర్ కంప్యూటర్ ఎంచుకుని స్టార్టప్ రిపేర్ నడపండి, ఒకసారికి బాగుకాకపోతే రెండు మూడుసార్లు నడపాల్సి రావచ్చు. అక్కడే సిస్టమ్ రిస్టోర్ ఉంటుంది, బాగున్న తేదీకి వెనక్కి తీసుకెళ్తుంది, ఫోటోలను, డాక్యుమెంట్లను అది ముట్టుకోదు, ఆ తేదీ తర్వాత ఎక్కించిన సాఫ్ట్‌వేర్లు మాత్రం పోతాయి. లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్ అని ఇంకోటి ఉంటుంది, కొత్త డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) వేశాక లేవడం మానేస్తే అది పనిచేస్తుంది, అయితే ఆ తర్వాత ఒక్కసారి మామూలుగా లాగిన్ అయిపోయారంటే ఇక దానివల్ల ఉపయోగం ఉండదు.

విండోస్ 10లో ఎఫ్8 మామూలుగా పనిచేయదు. లాగిన్ తెర దాకా వస్తే షిఫ్ట్ నొక్కి పట్టుకుని పవర్ గుర్తులోంచి రీస్టార్ట్ కొట్టండి. అక్కడిదాకా కూడా రాకపోతే, విండోస్ బొమ్మ పడగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడం రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర దానంతటదే వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత అంకె 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరివి మాత్రమే నడిచే విండోస్. సేఫ్ మోడ్‌లో లేచిందంటే విండోస్ బతికే ఉంది, ఈ మధ్య ఎక్కించిన యాంటీవైరసో డ్రైవరో అడ్డం పడుతోంది, దాన్ని తీసేయండి.

లాగిన్ దగ్గర చిక్కు

పాస్‌వర్డ్ తప్పంటుంటే మర్చిపోయానని టెన్షన్ పడేముందు క్యాప్స్ లాక్, నమ్ లాక్ చూడండి. తర్వాత లాగిన్ తెర మీద మూలన భాష గుర్తు ఉందేమో చూడండి. తెలుగు టైపింగ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్న ఇళ్లలో ఇది మామూలే, కీబోర్డు తెలుగులో ఉండిపోతే మీరు సరిగ్గా కొట్టినా చుక్కల వెనక పడేవి వేరే అక్షరాలు. ఇంగ్లీషుకు మార్చి కొట్టండి. ఒకసారి తప్పు కొడితే, అకౌంట్ పెట్టినప్పుడు రాసుకున్న హింట్ కూడా కింద కనిపిస్తుంది.

నిజంగానే మర్చిపోతే, ఇంట్లో ఇంకొకరికి అడ్మినిస్ట్రేటర్ అకౌంట్, అంటే అన్ని మార్పులూ చేసే హక్కున్నది, ఉందా అని చూడండి. ఉంటే వాళ్ల అకౌంట్‌తో లాగిన్ అయి కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్, మేనేజ్ అనదర్ అకౌంట్‌లోకి వెళ్లి మీ పాస్‌వర్డ్ మార్చొచ్చు. ఇలా వేరేవాళ్లు మారిస్తే మీ అకౌంట్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే వేరేవాళ్లు చదవకుండా తాళం వేసిన ఫైళ్లు ఇక తెరుచుకోవు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పోవచ్చు, విండోస్ కూడా ఆ హెచ్చరిక చూపిస్తుంది. ఫైళ్ల పేర్లు ఆకుపచ్చ రంగులో ఉంటే అవి ఎన్‌క్రిప్ట్ అయినవి, అలాంటివి ఉంటే తొందరపడొద్దు. ఎక్స్‌పీ అయితే పేర్ల తెర మీద కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి రెండుసార్లు నొక్కితే పేరు, పాస్‌వర్డ్ రాసే పాత పెట్టె వస్తుంది, అందులో అడ్మినిస్ట్రేటర్ అని రాసి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి చూడండి, చాలా ఇళ్లలో దానికి పాస్‌వర్డ్ పెట్టి ఉండరు. ఎక్స్‌పీ హోమ్ అయితే ఇది సేఫ్ మోడ్‌లోనే కుదురుతుంది. విండోస్ 10లో ఈమెయిల్‌తో లాగిన్ అయ్యేవాళ్లు ఫోన్‌లోంచే మైక్రోసాఫ్ట్ సైటులో పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, మార్చాక కంప్యూటర్‌కు ఒకసారి ఇంటర్నెట్ ఉండాలి, లేకపోతే దానికి కొత్త పాస్‌వర్డ్ తెలియదు.

ఇక కాక కంప్యూటర్ దగ్గరికి వస్తే, బ్యాటరీ వేసి, సాటా మోడ్ మార్చగానే విండోస్ లేచింది, చిన్నమ్మ చాయ్ తెచ్చింది, కాక తన పేరు మీద నొక్కి పాస్‌వర్డ్ కొట్టాడు. లోపలికి వెళ్తే డెస్క్‌టాప్ ఖాళీ. వెనక బొమ్మ మారిపోయింది, ఒక్క ఫోల్డర్ లేదు. కాక మొహం చూడలేకపోయాను. కింద మూలన చిన్న డబ్బాలో టెంపరరీ ప్రొఫైల్‌తో లాగిన్ అయ్యారని రాసి ఉంది, దాన్ని ఎవరూ చదవరు, అందుకే అన్నీ పోయాయని ఏడుస్తారు.

అక్కడ జరిగేది ఇది. ప్రతి యూజర్‌కూ ఒక ప్రొఫైల్, అంటే సొంత ఫోల్డర్, సెట్టింగులు ఉంటాయి, లాగిన్ అయినప్పుడు విండోస్ దాన్ని తెరవలేకపోతే ఒక ఖాళీ తాత్కాలిక ప్రొఫైల్ ఇస్తుంది. మీ పాత ఫోల్డర్ ఎక్కడికీ పోలేదు. సి డ్రైవ్‌లో యూజర్స్‌లోకి వెళ్లి చూస్తే మీ పేరుతో అలాగే ఉంటుంది. కాకకు అది తెరిచి చూపించాకే కుర్చీలో వెనక్కి వాలాడు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉండగా డెస్క్‌టాప్ మీద ఏదైనా సేవ్ చేస్తే లాగ్ ఆఫ్ అవ్వగానే అది పోతుంది. ఆ పూట అందులో టైపింగ్ పనులు పెట్టుకోవద్దు. కొన్నిసార్లు తాత్కాలికం కూడా ఇవ్వకుండా యూజర్ ప్రొఫైల్ సర్వీస్ ఫెయిల్డ్ ద లాగాన్ అని బయటే నిలబెడుతుంది, రెండూ ఒకే కుటుంబం జబ్బులు.

ముందు ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేయండి, దాంతోనే సర్దుకున్నవి ఉన్నాయి. సర్దుకోకపోతే ఫోల్డర్ మొత్తం బయటికి కాపీ తీసుకుని, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్‌లో ఎర్రర్ చెకింగ్ పెట్టి రీస్టార్ట్ చేయండి. డిస్కు చెక్ చేస్తున్నంతసేపు కరెంటు ఆపొద్దు.

అప్పటికీ రాకపోతే రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా. ఇది అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న అకౌంట్‌లోంచి, వేరేది లేకపోతే సేఫ్ మోడ్‌లోంచి చేయాలి. స్టార్ట్‌లో ఆర్, ఇ, జి, ఇ, డి, ఐ, టి అని కొట్టి ఎంటర్ నొక్కండి. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ప్రొఫైల్ లిస్ట్ వరకు వెళ్లండి. మైక్రోసాఫ్ట్ కింద ఉత్త విండోస్ అని ఇంకోటి ఉంటుంది, అది కాదు, ఎన్‌టీ ఉన్నదే. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఆ ప్రొఫైల్ లిస్ట్‌ను దాచుకోండి. దాని కింద ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి పేర్లు ఉంటాయి. ఒక్కోదాని మీద నొక్కితే కుడివైపు ప్రొఫైల్ ఇమేజ్ పాత్‌లో ఎవరి ఫోల్డరో కనిపిస్తుంది. జబ్బు చేసిన అకౌంట్‌కు ఒకే పేరు రెండుసార్లు ఉంటుంది, ఒకటి మామూలుగా, ఇంకోటి చివర డాట్ బ్యాక్ అని, అంటే చుక్క, బి, ఎ, కె. ఆ డాట్ బ్యాక్ ఉన్నదే మీ అసలు ప్రొఫైల్. మామూలుగా ఉన్నదాని చివర వేరే ఏదైనా, చుక్క బి ఎ అని, తగిలించి పేరు మార్చండి, తర్వాత అసలు దాని చివర ఉన్న డాట్ బ్యాక్ తీసేయండి. దాని మీద నొక్కి కుడివైపు స్టేట్, రెఫ్ కౌంట్ రెండిటి విలువా సున్నా చేయండి. రెఫ్ కౌంట్ కనిపించకపోతే ఫర్వాలేదు, వదిలేయండి. రీస్టార్ట్.

కాక మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాడు. పాత బొమ్మ, పాత ఫోల్డర్లు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇది కూడా ఫలించకపోతే ఆ ప్రొఫైల్ పాడైందని లెక్క. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, ఒకసారి అందులోకి లాగిన్ అయి బయటికి వచ్చి, మూడో అడ్మిన్ అకౌంట్‌లోంచి పాత ఫోల్డర్‌లోని ఫైళ్లు కొత్తదాంట్లోకి కాపీ చేయండి. ఎన్‌టీయూజర్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లను మాత్రం కాపీ చేయొద్దు, పాడైంది ఆ ఫైళ్లలోనే ఉంటుంది, వాటిని తీసుకెళ్తే జబ్బు కూడా వెంట వస్తుంది.

లేచిన తర్వాత అదే రోజు చేయాల్సినవి

రెండో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఒకటి ఇప్పుడే పెట్టండి, దాన్ని రోజూ వాడొద్దు, ఇలాంటి రోజు కోసమే. పిల్లలకు స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి. కాక ఇంట్లో ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, పట్టా పాస్‌బుక్ ఉన్న సంచిలోనే పెట్టాం, ఆ సంచిని ఆ ఇంట్లో ఎవరూ పోగొట్టరు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆపేసింది, క్రోమ్ కూడా 2023 ఫిబ్రవరి నుంచి విండోస్ 7కు కొత్త వెర్షన్లు ఇవ్వట్లేదు. అందుకని ఆ సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్లు, డబ్బు పంపడాలు వద్దని కాకకు చెప్పాను. ఫోటోలు చూసుకోవడానికి, చిన్నమ్మ సంఘం లెక్కలు రాసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది.

తాత ఫోటో ఇప్పుడు మూడుచోట్ల ఉంది, కాక డి డ్రైవ్‌లో, వాళ్లింటి ఎక్స్‌టర్నల్ డిస్కులో, హనుమకొండలో మా ఇంట్లో. ఇక మిగిలింది యూపీఎస్. నెల రోజులుగా అది కరెంటు పోగానే దించేస్తోంది, ఆ ప్రొఫైల్ పాడైంది కూడా అలా అర్ధాంతరంగా ఆగిపోవడం వల్లేనని నా అనుమానం. లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ, నాలుగు స్క్రూలు విప్పితే మార్చేయొచ్చు. శనివారం తీసుకెళ్లి వేస్తాను, అప్పటిదాకా కరెంటు అటూ ఇటూగా ఉన్న వేళల్లో కంప్యూటర్ ఆన్ చేయొద్దని కాకకు చెప్పి వచ్చాను.